పొగ ఎటు పోవాలి?

తుపాకీ నడిచిన దారి: 11వ భాగం

గత భాగాన్ని త్రీనాట్ త్రీ దగ్గర ఆపాం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చినప్పుడు మామూలు సిపాయి భుజాన ఉన్నది ఆ లీ-ఎన్‌ఫీల్డే. ఒక్కో తూటాకు బోల్టును చేత్తో పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కాలి. అదే సెక్షన్‌లో ఒకరి దగ్గర మాత్రం బ్రెన్ ఎల్‌ఎంజీ ఉండేది. దానికి ఈ చాకిరీ లేదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉండేది.

పక్కపక్కనే నడిచిన ఈ రెండు ఆయుధాల మధ్య తేడా అంతా ఒక చిన్న రంధ్రంలో ఉంది. బ్రెన్ గొట్టానికి, అంటే బ్యారెల్‌కు, ఆ రంధ్రం ఉంది, త్రీనాట్ త్రీకి లేదు. ఆ రంధ్రంలోంచి బయటికొచ్చే గ్యాసును ఏం చేయాలన్న దగ్గర ప్రపంచంలోని సైనిక రైఫిళ్లు రెండు వర్గాలుగా విడిపోయాయి. గ్యాసుతో ఒక పిస్టన్‌ను తోయించి, ఆ పిస్టన్‌తో బోల్టును కదిలించేది ఒక వర్గం. పిస్టన్ ఎందుకు, గ్యాసునే గొట్టం ద్వారా నేరుగా బోల్టు దగ్గరికి పంపిద్దామనేది రెండో వర్గం. దీన్నే డైరెక్ట్ ఇంపింజ్‌మెంట్ అంటారు, ఇక్కడ గొట్టం పద్ధతి అందాం. ఏది మేలన్న తగువు అరవై ఏళ్లుగా తెగలేదు. ఆ తగువులో రెండు పక్షాలూ సాక్ష్యంగా చూపించే సంఘటనలను ఒక్కొక్కటే విప్పి చూద్దాం. రైఫిల్ మొరాయించిన ప్రతిచోటా అసలు దోషి ఎవరో అప్పుడు తేలుతుంది.

రంధ్రం చేసే పని

తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే గ్యాసు ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి మూడు వేల రెట్లకు పైనే ఉంటుంది. గుండును బయటికి తోసిన తర్వాత కూడా అందులో బోలెడు బలం మిగులుతుంది. త్రీనాట్ త్రీలో అదంతా గొట్టం మూతిలోంచి గాల్లో కలిసిపోయేది. గొట్టం మధ్యలో ఎక్కడో రంధ్రం పెడితే గుండు ఆ చోటు దాటగానే కొంత గ్యాసు పక్కదారి పడుతుంది. ఆ కొంచెం గ్యాసు చాలు, బోల్టు తాళం విప్పి, ఖాళీ ఖోకాను బయటికి విసిరి, స్ప్రింగును నొక్కిపెట్టడానికి. తర్వాత స్ప్రింగు బోల్టును ముందుకు నెట్టి కొత్త తూటాను లోపల పెడుతుంది.

పిస్టన్‌లోనూ రెండు రకాలున్నాయి. పిస్టన్ కడ్డీ బోల్టు క్యారియర్‌కు అతుక్కునే ఉండి, రెండూ కలిసి వెనకదాకా వెళ్లి వస్తే అది లాంగ్ స్ట్రోక్. పిస్టన్ క్యారియర్‌ను ఒక్క దెబ్బ కొట్టి, కొద్ది దూరంలోనే ఆగి, తన స్ప్రింగుతో తాను వెనుదిరిగితే అది షార్ట్ స్ట్రోక్. లాంగ్ స్ట్రోక్‌లో కదిలే బరువు ఎక్కువ. దుమ్మూ మట్టీ అడ్డం వచ్చినా ఆ బరువే తోసుకుంటూ పోతుంది, కానీ గురి మీద కుదుపు పడుతుంది. షార్ట్ స్ట్రోక్‌లో కుదుపు తక్కువ, భాగాలు ఎక్కువ.

గొట్టం పద్ధతిలో పిస్టన్, దాని స్ప్రింగు, కడ్డీ ఏవీ ఉండవు. రైఫిల్ ముందుభాగం మీద బరువు తగ్గుతుంది, కదిలే వస్తువు తగ్గుతుంది, గురి కుదురుగా ఉంటుంది. దానికి చెల్లించే ధర ఒక్కటే. మందు కాలిన మసి, వేడి రెండూ బోల్టు దగ్గరికే చేరతాయి.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజులు చూసినవాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. చెరకు పిప్పి బాయిలర్ కింద మండుతుంది. బూడిదా మసీ బాయిలర్ ఇంట్లోనే ఉంటాయి. పైపులో వచ్చే ఆవిరి మాత్రమే యంత్రాన్ని తిప్పుతుంది, రసం పిండే రోలర్ల దాకా మసి రాదు. పిస్టన్ రైఫిల్ చేసేదీ ఇదే. మంట ఒకచోట, పని మరోచోట. పైపులు, సిలిండర్లు, కడ్డీల ఖర్చు ఎందుకని ఆ పొగనే రోలర్ల మీదికి వదిలితే యంత్రం తేలికవుతుంది, కానీ రోజూ రోలర్లు కడగాలి. కడిగే మనిషి, కడిగే సామాను ఉన్నంతకాలం అదేమీ తప్పుడు లెక్క కాదు.

పిస్టన్ ముందు పుట్టింది

అమెరికన్ తుపాకీ రూపశిల్పి జాన్ బ్రౌనింగ్ 1889లో ఒక పేలుడు గాలికి ఎదురుగా ఉన్న గడ్డి వంగిపోవడం గమనించి, ఆ బలం వృథా అవుతోందని ఆలోచనలో పడ్డాడని చెబుతారు. ఆ ఆలోచన కోల్ట్ కంపెనీ 1895 మోడల్ మెషిన్ గన్‌గా బయటికొచ్చింది. రైఫిళ్లలో తొలి పేరు మెక్సికో సైనికాధికారి మాన్యుయెల్ మోండ్రాగోన్‌ది. ఆయన గ్యాస్ పిస్టన్ రైఫిల్‌ను మెక్సికో 1908లో తీసుకుంది. తయారు చేసింది స్విట్జర్లాండ్‌లోని సిగ్ కంపెనీ. ఈ సిగ్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

మన దేశానికి పిస్టన్ వచ్చింది చెకొస్లొవేకియా మీదుగా. బ్రనో నగరంలో వాత్స్లావ్ హోలెక్ రూపొందించిన జెడ్‌బీ-26 లైట్ మెషిన్ గన్‌ను బ్రిటన్ తన .303 తూటాకు మార్చుకుని బ్రెన్‌గా 1938లో సైన్యానికిచ్చింది. లాంగ్ స్ట్రోక్ పిస్టన్. ముందువైపు నాలుగు మెట్ల గ్యాస్ రెగ్యులేటర్. మసి పేరుకుని తుపాకీ మందగిస్తే రెగ్యులేటర్‌ను ఒక మెట్టు తిప్పి, ఎక్కువ గ్యాసు వచ్చే రంధ్రం ఎదురు పెడితే మళ్లీ పరుగెత్తేది. బ్రెన్ ఎంత మన్నికైనదంటే, తర్వాత దాన్నే 7.62 మి.మీ. తూటాకు మార్చి కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారు చేసి మన సైన్యం దశాబ్దాలపాటు వాడింది.

ఎల్‌ఎంజీలో కుదిరింది మామూలు సిపాయి రైఫిల్‌లోకి దిగడానికి రెండో ప్రపంచ యుద్ధం దాకా పట్టింది. అమెరికా 1936లో జాన్ గారండ్ రైఫిల్‌ను తీసుకుంది, అది లాంగ్ స్ట్రోక్. సోవియట్ తోకరెవ్ ఎస్‌వీటీ షార్ట్ స్ట్రోక్. యుద్ధం అయ్యాక రెండు పేర్లు ప్రపంచాన్ని పంచుకున్నాయి. 1949లో సోవియట్ సైన్యంలోకి వచ్చిన కలాష్నికోవ్ ఏకే లాంగ్ స్ట్రోక్. బెల్జియంలో ద్యూదోనే సేవ్ గీసిన ఎఫ్‌ఎన్ ఫాల్ షార్ట్ స్ట్రోక్.

రెండో దారిలో నడిచినవాళ్లు

గొట్టం పద్ధతి అమెరికా కనిపెట్టిందనుకుంటారు చాలామంది. నిజానికి స్వీడన్ సైన్యం 1942లోనే ఎరిక్ ఎక్‌లుండ్ రూపొందించిన ల్యుంగ్‌మన్ రైఫిల్‌ను గొట్టం పద్ధతిలో తెచ్చింది. దాని తయారీ యంత్రాలు కొని ఈజిప్ట్ తన ఎడారి సైన్యానికి హకీం అనే రైఫిల్ చేసుకుంది. ఫ్రాన్స్ ఎంఏఎస్-49, తర్వాత 49/56 రైఫిళ్లదీ ఇదే పద్ధతి. 49/56 అల్జీరియా ఇసుకలో కొట్లాడి మంచి పేరే తెచ్చుకుంది. ఫ్రెంచి రైఫిల్‌లో గొట్టం కొస క్యారియర్ ముఖాన ఉన్న చిన్న గుంటలోకి గ్యాసు ఊదుతుంది, ఆ వెంటనే గ్యాసు బయటి గాల్లోకి పోతుంది. లోపల పేరుకునేది తక్కువ. గొట్టం రైఫిల్ అంటేనే ఇసుకలో పనికిరాదన్న వాదనకు ఈ రైఫిల్ చరిత్రలో చోటు లేదు.

1950ల మధ్యలో కాలిఫోర్నియా హాలీవుడ్‌లోని ఆర్మలైట్ అనే చిన్న సంస్థలో యూజీన్ స్టోనర్ ఇంకో అడుగు వేశాడు. ఆర్మలైట్ మాతృసంస్థ ఫెయిర్‌చైల్డ్ విమానాలు చేసేది. విమానాల అల్యూమినియం, ప్లాస్టిక్ రైఫిల్‌లోకి వచ్చాయి. స్టోనర్ గ్యాసును క్యారియర్ ముఖాన ఊదించి వదిలెయ్యలేదు, క్యారియర్ లోపలికి పంపాడు. బోల్టు తోకకూ క్యారియర్‌కూ మధ్య ఉన్న ఖాళీలో గ్యాసు వ్యాకోచించి క్యారియర్‌ను వెనక్కి తోస్తుంది. అంటే ఇక్కడ బోల్టే పిస్టన్. తోపు బ్యారెల్ గీత మీదే పడుతుంది, బట్ కూడా అదే గీతలో ఉంటుంది కాబట్టి పేల్చినప్పుడు మూతి పైకి లేవడం తగ్గింది. ఏఆర్-10గా మొదలైన ఈ రూపాన్ని జిమ్ సల్లివన్, రాబర్ట్ ఫ్రీమాంట్ చిన్న తూటాకు కుదించి ఏఆర్-15 చేశారు. 1959లో హక్కులు కోల్ట్‌కు అమ్ముడయ్యాయి. ఖాళీ రైఫిల్ బరువు 3 కిలోల లోపు. అప్పటికి అమెరికా సిపాయి మోస్తున్న ఎం14 నాలుగు కిలోలు దాటేది.

వియత్నాంలో ఏం జరిగింది?

గొట్టం పద్ధతిని తిట్టేవాళ్లు మొదట చెప్పేది వియత్నాం గురించే. 1960ల మొదట్లో పరీక్షకు పంపిన ఏఆర్-15లు అక్కడ బాగానే పనిచేశాయని నివేదికలొచ్చాయి. 1965 తర్వాత ఎం16 పేరుతో వేలల్లో వెళ్లిన అదే రైఫిల్ కాల్పుల మధ్య జామ్ అవడం మొదలైంది. ఖోకా గొట్టంలో ఇరుక్కుపోతే మూతిలోంచి కడ్డీ పెట్టి తోసుకోవాల్సిన గతి పట్టింది. విప్పిన రైఫిల్ పక్కనే చనిపోయి పడివున్న సైనికుల కథనాలు అమెరికా పత్రికలకెక్కాయి. 1967లో మిస్సోరీ సభ్యుడు రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన కాంగ్రెస్ ఉపసంఘం విచారణకు కూర్చుంది.

విచారణలో తేలినవి ఇవి. స్టోనర్ ఒక రకం మందును దృష్టిలో పెట్టుకుని రైఫిల్ గీశాడు. సైన్యం ఆ మందును మార్చి వేరే రకం గోళీమందు నింపిన తూటాలు పంపింది. కొత్త మందుతో గ్యాసు ఒత్తిడి తీరు మారి, రైఫిల్ నిమిషానికి పేల్చే వేగం అనుకున్నదానికన్నా బాగా పెరిగింది. ఖోకా ఇంకా గొట్టం గోడలకు అంటుకుని ఉండగానే బోల్టు లాగడం మొదలైంది. ఆ మందులో కలిపిన కాల్షియం కార్బొనేట్ గ్యాస్ గొట్టంలో గట్టిపడింది. తూటా కూర్చునే గదికి, అంటే ఛాంబర్‌కు, క్రోమియం పూత వేయలేదు. వియత్నాం తేమకు అది తుప్పు పట్టి గుంటలు పడింది, ఖోకా పట్టేసింది. అన్నిటికన్నా దారుణం, ఈ రైఫిల్‌కు తుడుపు అక్కర్లేదన్న ప్రచారం పాకింది. చాలామందికి శుభ్రం చేసే సామానే అందలేదు.

ఈ జాబితాలో గొట్టం పద్ధతి పాత్ర ఎంత? మసి లోపలికి వస్తుంది కాబట్టి మందు మార్పును, తుడుపు లేమిని తట్టుకునే ఓర్పు దానికి తక్కువ. అంతవరకు నేరం దానిది. ఖోకా ఇరుక్కోవడమనే ప్రధాన రోగానికి మాత్రం తుప్పు పట్టిన ఛాంబర్, హెచ్చిన వేగం కారణాలు. పిస్టన్ పెట్టినా ఆ ఖోకా ఇరుక్కునేదే. దిద్దుబాటు కూడా దీన్నే రుజువు చేసింది. ఛాంబర్‌కు క్రోమియం పూత వేశారు, బఫర్ మార్చి వేగం తగ్గించారు, తుడుపు సామాను పంచారు. విల్ ఐస్నర్ అనే పేరున్న కామిక్స్ చిత్రకారుడితో బొమ్మల పుస్తకం వేయించి, రైఫిల్ ఎలా తుడవాలో సిపాయికి నేర్పారు. గ్యాస్ గొట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఆ గొట్టంతోనే ఎం16, దాని కురచ రూపం ఎం4 ఇప్పటికీ నడుస్తున్నాయి.

స్టోనర్ మాత్రం తర్వాత ఏఆర్-16, స్టోనర్ 63 రూపాల్లో పిస్టన్‌కే వెళ్లాడు. గొట్టం హక్కులు అప్పటికే కోల్ట్ చేతిలో ఉన్నాయన్నది అందులో ఒక కారణం. ఆయన వెళ్లిపోయాక ఆర్మలైట్‌లో ఆర్థర్ మిల్లర్ పూర్తి చేసిన ఏఆర్-18 షార్ట్ స్ట్రోక్ పిస్టన్ రైఫిల్ పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ బ్రిటన్ ఎస్‌ఏ80కి, జర్మనీ జీ36కు వారసత్వం దానిదే.

1962 తర్వాత మన ఎస్‌ఎల్‌ఆర్

ఇక మన ఇంటికొద్దాం. 1962లో చైనాతో యుద్ధంలో మన సిపాయి ఇంకా చేత్తో బోల్టు లాగే రైఫిల్‌తోనే ఉన్నాడు. ఆ దెబ్బకు ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో రెండు పనులు వెంటవెంటనే జరిగాయి. ఒకటి, త్రీనాట్ త్రీ రూపాన్నే 7.62 తూటాకు మార్చిన 2ఏ1. రెండోది, ఫాల్ కుటుంబానికి చెందిన 1ఏ1. పోలీసుల భాషలో, పేపర్ల భాషలో అదే ఎస్‌ఎల్‌ఆర్. మ్యాగజైన్‌లో 20 తూటాలు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి. బరువు నాలుగు కిలోలు దాటుతుంది. 1965, 1971 యుద్ధాల మీదుగా అది సైన్యం ప్రధాన రైఫిల్ అయింది.

ఎస్‌ఎల్‌ఆర్ ముందువైపు తిప్పుకునే గ్యాస్ రెగ్యులేటర్ ఉంటుంది. ఎంత గ్యాసు పిస్టన్‌కు ఇవ్వాలి, ఎంత బయటికి వదలాలి అన్నది సిపాయి చేతిలోనే ఉంది. ఎక్కువిస్తే భుజం వాస్తుంది, తక్కువిస్తే ఖోకా బయటికి పోదు. బాగా తర్ఫీదైన సిపాయి తన రైఫిల్ ఏ అంకె దగ్గర సరిగ్గా పలుకుతుందో వెతికి పెట్టుకునేవాడు. తర్ఫీదు చాలనివాడి చేతిలో అదే రెగ్యులేటర్ జాముకు కారణమయ్యేది. పిస్టన్ ఉన్నంత మాత్రాన పుల్‌త్రూ తాడు, నూనె, చిందీ గుడ్డ లేకుండా గడుస్తుందని ఏ ఉస్తాదూ చెప్పలేదు. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మసి పడుతుంది, తుడవాలి. బోల్టు దాకా రాదంతే.

చందూర్, వర్ని, బోధన్ వైపు టీ కొట్టు దగ్గర పేపర్ తిరగేసిన తరానికి ఈ పేర్లు సైన్యం ద్వారా వచ్చినవి కావు. 1980లో కొండపల్లి సీతారామయ్య పీపుల్స్‌వార్ ఏర్పాటు చేసిన తర్వాత, 1989లో కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్ దళాన్ని నిలబెట్టిన తర్వాత, ఎదురుకాల్పుల వార్తల కింద అచ్చయిన ఫొటోల్లో కనిపించినవి అవి. బల్ల మీద వరసగా పేర్చిన ఏకే-47, ఎస్‌ఎల్‌ఆర్, ఇన్సాస్, త్రీనాట్ త్రీ, తపంచా. పోలీస్ స్టేషన్ల నుంచి, దాడుల నుంచి చేతులు మారిన ఆయుధాలు. తుపాకీల చరిత్ర కళ్లతో ఆ బల్లను చూస్తే అది వర్గీకరణ పట్టికలా చదువుకోవచ్చు. తపంచా, త్రీనాట్ త్రీలకు గ్యాస్ రంధ్రం లేదు. ఎస్‌ఎల్‌ఆర్ షార్ట్ స్ట్రోక్. ఏకే, ఇన్సాస్ లాంగ్ స్ట్రోక్. గొట్టం వర్గానిది అక్కడ దాదాపు కనిపించదు, ఎందుకంటే మన పోలీసు, పారామిలిటరీ గిడ్డంగుల్లో అది పెద్దగా లేదు.

2025 అక్టోబర్‌లో పెద్దపల్లికి చెందిన మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ రావు 60 మందితో గడ్చిరోలిలో లొంగిపోయినప్పుడు అప్పగించిన 54 ఆయుధాల్లోనూ 7 ఏకే-47లు, 9 ఇన్సాస్‌లు ఉన్నాయి. ఆ ఆయుధాలు అడవిలో వానలకూ బురదకూ తట్టుకుని అన్నేళ్లు నిలిచాయంటే అందులో పిస్టన్ పాలు కొంత ఉంది. రోజూ విప్పి తుడిచిన చేతుల పాలు అంతకన్నా తక్కువేమీ కాదు.

పిస్టన్‌కూ తప్పని చెడ్డపేరు

పిస్టన్ ఉంటే చాలనేవాళ్లకు జవాబు ఇన్సాస్. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో ఎల్‌టీటీఈ ఏకేల ముందు మన శాంతిసేన ఎస్‌ఎల్‌ఆర్‌తో నిలబడాల్సి వచ్చింది. పొడవు, బరువు, ఒక్కో తూటాగా పేలడం, ఈ మూడూ దట్టమైన చెట్ల మధ్య భారమయ్యాయి. తర్వాత విదేశాల నుంచి ఏకే రకాలను పెద్ద ఎత్తున కొన్నారు. పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఆర్‌డీఈ అప్పటికే 5.56 మి.మీ. తూటాతో సొంత రైఫిల్ మీద పనిచేస్తోంది. అదే ఇన్సాస్. లోపల ఏకే తరహా లాంగ్ స్ట్రోక్ పిస్టన్, ఫాల్ తరహా గ్యాస్ రెగ్యులేటర్, ఒక నొక్కుకు మూడు తూటాల బర్స్ట్. కాగితం మీద రెండు గొప్ప కుటుంబాల సుగుణాలూ కలిశాయి.

1999 కార్గిల్ చలిలో పారదర్శక ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయి. బర్స్ట్ సరిగ్గా పడటం లేదని, నూనె కళ్లలోకి చిమ్ముతోందని ఫిర్యాదులొచ్చాయి. 2005 ఆగస్టులో మావోయిస్టుల దాడిలో పెద్ద సంఖ్యలో సైనికులను పోగొట్టుకున్న నేపాల్ సైన్యం, గంటల తరబడి సాగిన కాల్పుల్లో ఇన్సాస్ మొరాయించిందని చెప్పింది. వాడకంలో లోపం ఉండొచ్చని భారత పక్షం జవాబిచ్చింది. 2014లో సీఆర్‌పీఎఫ్ ఇన్సాస్ బదులు ఏకేలు ఇవ్వాలని కోరింది. ఈ ఫిర్యాదుల్లో ఏదీ గ్యాసు పిస్టన్ మీద కాదు. ప్లాస్టిక్ నాణ్యత, భాగాల కొలతల్లో తేడాలు, తయారీ మీద నిఘా, ఇవే నిందితులు. ఏకే నడిచే పద్ధతే ఇన్సాస్‌ది కూడా, కానీ ఏకేకు వచ్చిన పేరు దీనికి రాలేదు.

మళ్లీ మొదలైన తగువు

2000ల మొదట్లో అమెరికా ప్రత్యేక దళాలకు కొత్త చిక్కు వచ్చింది. ఎం4 బ్యారెల్‌ను ఇంకా కురచ చేసి, మూతికి సైలెన్సర్ బిగిస్తే గ్యాసు ఎటూ పోలేక వెనక్కి తన్నుతుంది. గొట్టం పద్ధతిలో అది నేరుగా బోల్టు మీదికి, సిపాయి ముఖం మీదికి వస్తుంది. జర్మనీ హెక్లర్ అండ్ కోచ్ ఎం4 ఒళ్లు అలాగే ఉంచి, జీ36 తరహా షార్ట్ స్ట్రోక్ పిస్టన్ పెట్టి హెచ్‌కే416 చేసింది. ఆర్మలైట్‌లో పుట్టిన పిస్టన్ జర్మనీ మీదుగా తిరిగి ఆర్మలైట్ రైఫిల్‌లోకే వచ్చి చేరిందన్నమాట. నార్వే 2007లో దీన్ని తీసుకుంది, ఫ్రాన్స్ 2016లో తన ఫమాస్‌ల స్థానంలో ఎంచుకుంది.

2007 చివర్లో అమెరికా సైన్యం అబర్డీన్‌లో తీవ్రమైన దుమ్ము పరీక్ష పెట్టింది. ఒక్కో రకం నుంచి 10 రైఫిళ్లు, ఒక్కోదానికి 6,000 తూటాలు. గొట్టం పద్ధతి ఎం4 882 సార్లు ఆగింది. హెచ్‌కే416 233 సార్లు, మిగతా పిస్టన్ రైఫిళ్లు స్కార్ 226, ఎక్స్‌ఎం8 127. ఈ అంకెలు చూసి పిస్టన్ పక్షం పండగ చేసుకుంది. అయితే అదే ఎం4 అంతకుముందు అదే ఏడాది జరిగిన ఇలాంటి పరీక్షలో 307 సార్లే ఆగింది. మ్యాగజైన్లు, నూనె, రైఫిల్ విడిభాగాల స్థితి మారితే ఫలితం ఎంత ఊగుతుందో ఈ రెండు అంకెల మధ్య దూరమే చెబుతుంది. పిస్టన్ రైఫిళ్లు నెగ్గిన మాట నిజం. 60,000 తూటాల్లో 882 అంటే నూటికి ఒకటిన్నర కన్నా తక్కువన్నదీ నిజం. సైన్యం అప్పుడు ఎం4నే అట్టిపెట్టుకుంది.

పిస్టన్ పెట్టడమూ ఉచితం కాదు. స్టోనర్ రైఫిల్ తోపు బ్యారెల్ గీత మీద పడేలా గీసినది. దానికి పైన పిస్టన్ బిగిస్తే దెబ్బ గీతకు పైన పడి క్యారియర్ వెనకభాగం కిందికి వంగి, లోపలి గోడను గీరుతుంది. హెచ్‌కే416 వంటి వాటిలో దీన్ని సరిచేయడానికి మళ్లీ మార్పులు చేయాల్సి వచ్చింది. ముందు బరువు పెరిగింది, ధర పెరిగింది. సైలెన్సర్ బిగించి, కురచ బ్యారెల్‌తో, ఎక్కువ తూటాలు పేల్చే దళానికి ఆ ధర గిట్టుబాటు. నిడుపాటి బ్యారెల్‌తో, గురి ముఖ్యమనుకునేవాడికి గొట్టం పద్ధతే గిట్టుబాటు. 2022 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం 6.8 మి.మీ. కొత్త రైఫిల్‌గా సిగ్ సావర్ పిస్టన్ రైఫిల్‌ను ఎంచుకున్నప్పుడు దానికి మొదటినుంచీ సైలెన్సర్ జత చేసింది. ఆ ఎంపికలో పిస్టన్ ఎందుకుందో సైలెన్సరే చెబుతుంది.

హైదరాబాద్ గడప దాకా

మన సైన్యం ఇప్పుడు ప్రధానంగా రెండు కొత్త కుటుంబాలకు మారుతోంది. 2019లో 72,400, 2024లో మరో 73,000 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందాలయ్యాయి. మోండ్రాగోన్ రైఫిల్ చేసిన ఆ స్విస్ పేరును మోస్తున్న కంపెనీదే ఇది. స్టోనర్ ఒళ్లున్న ఈ 716 వరసలో పిస్టన్‌తో ఒకటి, గొట్టంతో మరొకటి అదే కంపెనీ అమ్ముతుంది. పద్ధతుల తగువును కంపెనీ ఎలా తీర్చుకుందో చూశారుగా, ఎవరికి కావాల్సింది వాళ్లకు. రెండోది ఏకే-203. అమేఠీ దగ్గర కోర్వాలో ఇండో-రష్యన్ రైఫిల్స్ సంస్థ 6,01,427 రైఫిళ్లు తయారు చేసేలా 2021 డిసెంబర్‌లో ఒప్పందం కుదిరింది. 1949 నాటి లాంగ్ స్ట్రోక్ పిస్టనే అందులో ఉన్నది. ప్రత్యేక దళాల చేతుల్లో గొట్టం పద్ధతి ఎం4లూ ఉన్నాయి.

తెలంగాణ ఇన్నాళ్లూ ఈ కథలో వాడకందారు మాత్రమే. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో శరత్ పేరుతో బీఎంపీ-2 వాహనాలు తయారవుతున్నా, సిపాయి రైఫిల్ మాత్రం ఇషాపూర్, కాన్పూర్, తిరుచిరాపల్లిల నుంచే వచ్చేది. ఈ మధ్య అది మారింది. 2024 జనవరి 8న పుణెలో ఏఆర్‌డీఈ ఆవిష్కరించిన ఉగ్రం అనే 7.62 రైఫిల్‌ను హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్ కలిసి తయారు చేసింది. 100 రోజుల లోపే రూపం ఇచ్చినట్టు చెప్పారు. బరువు 4 కిలోల లోపు, ప్రభావవంతమైన దూరం 500 మీటర్లు. హైదరాబాద్ ఐకామ్ సంస్థ అబుదాబి కారకాల్‌తో కలిసి చిన్న ఆయుధాల కర్మాగారం పెట్టింది. కారకాల్ 816 కార్బైన్‌ది హెచ్‌కే416 తరహా షార్ట్ స్ట్రోక్ పిస్టన్.

ఇప్పుడు ఈ రైఫిళ్ల గురించి అడగాల్సిన ప్రశ్నలు మారాలి. పిస్టనా గొట్టమా అన్నది ఐదో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఏ తూటాతో పరీక్షించారో అదే తూటా సిపాయికి అందుతుందా? వియత్నాం అడిగిన ప్రశ్న అది. రెండోది, మ్యాగజైన్ ప్లాస్టిక్ సున్నా కింద 20 డిగ్రీల్లోనూ, బస్తర్ ఎండలోనూ ఒకేలా ఉంటుందా? కార్గిల్ అడిగింది అది. మూడోది, వెయ్యో రైఫిల్ కొలతలు మొదటి రైఫిల్ కొలతలతో సరిపోతాయా? నాలుగోది, తుడుపు సామాను, తర్ఫీదు ఉన్నాయా? వీటికి అవునన్న జవాబుంటే గొట్టం రైఫిల్ కూడా ఇసుకలో నడుస్తుంది, ఫ్రెంచివాళ్లు నడిపి చూపించారు. కాదన్న జవాబుంటే పిస్టన్ కాపాడదు, ఇన్సాస్‌ను కాపాడలేదు. వంద రోజుల్లో రైఫిల్ గీయడం గొప్పే. లక్షో రైఫిల్ కూడా మొదటిదాని లాగే రావడం అంతకన్నా కష్టం, హైదరాబాద్ కర్మాగారాలకు అసలు పరీక్ష అక్కడే ఉంది.

వచ్చే భాగంలో: రైఫిల్ జామ్ అయిన ప్రతిసారీ చివరికి నింద పడే చిన్న డబ్బా, మ్యాగజైన్. బ్రెన్ వంపు మ్యాగజైన్ నుంచి ఇన్సాస్ ప్లాస్టిక్ దాకా.

(సశేషం)